వరిచేల మధ్య వెదురు వేదిక

ఊరి పేరు జిరో. సున్నాకీ దానికీ ఏ సంబంధమూ లేదు. అరుణాచల్ ప్రదేశ్‌లో, సముద్రమట్టానికి ఐదువేల అడుగులకు పైగా ఎత్తులో, చుట్టూ పైన్ చెట్ల కొండలు, మధ్యలో పచ్చటి వరిమళ్లతో ఉండే లోయ అది. ఏడాదిలో మూడొందల అరవై రోజులు అక్కడ కోడికూతలూ కాలువ నీళ్ల చప్పుడూ తప్ప పెద్దగా సందడేమీ ఉండదు. సెప్టెంబరు నెలాఖరు వచ్చిందంటే మాత్రం నాలుగు రోజుల పాటు ఆ కొండల మధ్య గిటార్లు మోగుతాయి. డ్రమ్ములు దద్దరిల్లుతాయి. దేశం నలుమూలల నుంచీ బ్యాండ్లు బయల్దేరి వస్తాయి. వాటి వెంటే వేలమంది శ్రోతలూ!

బ్యాండంటే పెళ్లి ఊరేగింపు బ్యాండు అనుకునేరు. గిటారు, డ్రమ్ములు, కీబోర్డు పట్టుకుని సొంతంగా పాటలు కట్టుకునే నలుగురైదుగురు కుర్రాళ్ల జట్టు అన్నమాట. సినిమా పాటే సంగీతమైన మన దేశంలో ఇలాంటి జట్లకు డబ్బు తక్కువ, వేదికలు ఇంకా తక్కువ. అలాంటి బ్యాండ్ల వాళ్లు నలుగురు ఒకచోట చేరి పాత కబుర్లు చెప్పుకొంటే అందులో జిరో ప్రస్తావన రాకుండా ఉండదు. అక్కడ తడిసిన వాన, దిగబడిన బురద, ఊళ్లోవాళ్లు పోసిన బియ్యం కల్లు... అన్నీ గుర్తొస్తాయి. ఇంతకన్నా పెద్ద వేదికలెక్కినవాళ్లు కూడా ఈ చిన్న వేదికనే ఎందుకు తలచుకుంటారు? దాని వెనక ఒక కథ ఉంది.

ఓ బ్యాండు కన్న కల

మన దేశంలో రాక్ సంగీతానికి అభిమానులు ఎప్పట్నుంచో ఉన్నారు. ముంబయిలో ఇండిపెండెన్స్ రాక్ పేరుతో 1986లోనే కచేరీలు మొదలయ్యాయి. 1993లో అలహాబాద్ నుంచి రాక్ స్ట్రీట్ జర్నల్ అనే పత్రిక వచ్చింది. షిల్లాంగ్‌లో అయితే లూ మజావ్ అనే గాయకుడు 1972 నుంచీ ఏటా మే 24న బాబ్ డిలాన్ పుట్టినరోజు కచేరీ జరుపుతున్నాడు. అయినా సొంత పాటలు రాసుకున్న బ్యాండుకు దొరికేవి కళాశాల ఉత్సవాలు, లేదంటే నగరాల్లోని పబ్బులు. మొదటిదాన్లో పోటీ పెట్టి మార్కులేస్తారు. రెండోదాన్లో తినేవాళ్లు తింటుంటే, తాగేవాళ్లు తాగుతుంటే ఓ మూల నిలబడి వాయించాలి. అదీ ఎక్కువగా అందరికీ తెలిసిన ఇంగ్లిషు పాటలే!

ఆ పరిస్థితుల్లో ఢిల్లీలో పేరు తెచ్చుకున్న బ్యాండ్లలో మెన్‌హూపాజ్ ఒకటి. దాని గిటారిస్టు అనూప్ కుట్టి. ఈశాన్య రాష్ట్రాల్లో కచేరీలు ఏర్పాటు చేసే అరుణాచల్ యువకుడు బాబీ హానో. ఓ పర్యటనకు వచ్చిన ఈ బ్యాండును బాబీ జిరోకు తీసుకెళ్లాడు. లోయనూ పొలాలనూ చూసిన ఢిల్లీ కుర్రాళ్లకు ఒకటే ఆలోచన... ఇక్కడ సంగీతోత్సవం పెడితే ఎలా ఉంటుంది?

ఇలాంటి ఆలోచనలు చాలామందికి వస్తాయి. తెల్లారేసరికి మర్చిపోతారు. వీళ్లు మర్చిపోలేదు. 2012లో జిరో ఫెస్టివల్ ఆఫ్ మ్యూజిక్ మొదలైంది. అంతకు రెండేళ్ల ముందే పుణెలో ఎన్‌హెచ్7 వీకెండర్ పెద్దఎత్తున ప్రారంభమైంది. మహానగరంలో వేల టికెట్లు అమ్ముడవుతాయి కాబట్టి అలాంటి ఉత్సవానికి లెక్క కుదురుతుంది. రైలు కూడా సరిగ్గా లేని కొండల్లో, జనమే రారేమో అనిపించే చోట పండుగ పెట్టడం మాత్రం ఏ లెక్కకూ అందని పని. వ్యాపారం చేసేవాళ్లు ఆ పనికి పూనుకోరు. పాటలు పాడుకునేవాళ్లు కాబట్టే పూనుకున్నారు.

బ్యాండువాళ్లు పెట్టిన పండుగకీ కంపెనీలు పెట్టే పండుగకీ తేడా ఎక్కడుందంటే... ఎవర్ని పిలవాలన్న దగ్గరే! పేరున్నవాళ్లను పిలిస్తే టికెట్లు అమ్ముడుపోతాయి. జిరోలో మాత్రం పేరున్నవాళ్ల పక్కనే ఎవరికీ తెలియని జానపద గాయకులకూ, తొలి పాట ఇంకా విడుదల కాని జట్లకూ చోటిచ్చారు. అమెరికాలో ఓ తరాన్ని ఉర్రూతలూపి 2011లో ఆగిపోయిన సోనిక్ యూత్ బ్యాండు సభ్యులు లీ రానాల్డో, స్టీవ్ షెల్లీ ఈ లోయకు వచ్చి వాయించారు. షిల్లాంగ్ లూ మజావ్ వచ్చాడు. ముంబయి ఇండస్ క్రీడ్, ఢిల్లీ పీటర్ క్యాట్ రికార్డింగ్ కంపెనీ వచ్చాయి. మెన్‌హూపాజ్ సరేసరి. అరుణాచల్ సొంత గాయకులూ అదే వేదికెక్కారు. స్థానిక కుర్రాళ్లకు ఇదో బడి. నిన్నటిదాకా ఫోన్లో విన్న గిటారిస్టు ఇవాళ పక్క గుడారంలో టీ తాగుతూ కనిపిస్తాడు మరి!

దారే మొదటి పాట

జిరోకు వెళ్లొచ్చిన ఏ బ్యాండునైనా అడగండి, కచేరీ గురించి కన్నా ముందు దారి గురించి చెబుతారు. తొలి ఏడాది 2012 నాటికి నాహర్‌లగున్‌కు ఇంకా రైలు లేదు. అసోం మైదానాల నుంచి రాత్రంతా ప్రయాణం. గిటారు పెట్టెలు సుమో నెత్తిన తాళ్లతో కట్టి, మనుషులు లోపల ఒకరి మీద ఒకరు కూర్చుని, గుంతల్లో ఎగిరి పడుతూ కొండెక్కాలి. వానకు కొండచరియ జారిందా, అక్కడే ఆగాలి. నగరంలో పెద్ద బ్యాండు, చిన్న బ్యాండు అన్న తేడాలుండొచ్చు. ఆ సుమోలో ఉండవు. పైకి చేరేసరికి అందరి నడుములదీ ఒకటే కథ. ముక్కూమొహం తెలియని జట్లు మంచి స్నేహితులైపోయి దిగుతాయి.

ఇప్పుడు ప్రయాణం కాస్త సులువైంది. 2014లో నాహర్‌లగున్‌కు రైలొచ్చింది. గువాహటి నుంచి రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి అక్కడ దిగొచ్చు. అక్కణ్నుంచి జిరో సుమారు వంద కిలోమీటర్లు. షేర్ సుమోలుంటాయి. 2022 నవంబరులో ఈటానగర్ దగ్గరి హోలోంగిలో విమానాశ్రయం కూడా ప్రారంభమైంది. మన హైదరాబాద్ నుంచి వెళ్లేవారు గువాహటి దాకా విమానంలో వెళ్లి, అక్కణ్నుంచి రైలెక్కడం తేలిక. ఒక్క మాట... అరుణాచల్‌లో అడుగుపెట్టాలంటే మన దేశస్థులకైనా ఇన్నర్ లైన్ పర్మిట్ తప్పనిసరి. ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు చేసుకోవచ్చు. చలి దుస్తులతో పాటు గొడుగు, మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు కూడా సర్దుకోండి. సెప్టెంబరు వానను నమ్మడానికి లేదు!

చివరి మలుపు దాటగానే కొండలు పక్కకు తప్పుకున్నట్టయి ఒక్కసారిగా లోయ కనిపిస్తుంది. కోతకొచ్చిన వరి బంగారు రంగులో మెరుస్తుంటుంది. రాత్రంతా పడ్డ పాట్లు ఆ క్షణంలో మర్చిపోతారు.

బొంగులే స్తంభాలు

మన ఊళ్లో తిరునాళ్లకు చలువపందిరి వేస్తాం కదా. జిరోలో వేదిక కూడా అలాగే లేస్తుంది. కాకపోతే పందిరి పట్టణం నుంచి రాదు, పెరట్లోంచి వస్తుంది. ఈ లోయలో ఉండేవారు అపతానీలు. 2011 జనాభా లెక్కల నాటికి వారి సంఖ్య నలభైవేల పైచిలుకు. వారి ఊళ్లను ఆనుకుని వెదురు తోటలుంటాయి. అడవిలో దానంతటది మొలిచిన వెదురు కాదు, తాతల నాడు నాటి కంచె వేసి పెంచుకుంటున్న తోటలు. ఇల్లు కట్టాలన్నా, దడి కట్టాలన్నా, బుట్ట అల్లాలన్నా ఆ వెదురే. పండుగ వేదికకూ అదే ఆధారమైంది. ఊరి పనివాళ్లు బొంగులు నరికి, బద్దలు చీల్చి, కట్లు కట్టి వేదికను నిలబెడతారు. దుకాణాలు, కూర్చునే బల్లలు కూడా వెదురువే. పండుగయ్యాక విప్పేస్తే పొలం పొలంలా మిగులుతుంది.

వేదికలు రెండు. పగటి వేదిక పేరు దాన్యి, అంటే సూర్యుడు. రాత్రి వేదిక పేరు పీలో, అంటే చంద్రుడు. ఊరికే పెట్టిన పేర్లు కావివి. సూర్యచంద్రులు అపతానీల ఆరాధ్య దైవాలు. పగలు ఎండలో గడ్డి మీద కూర్చుని పాట వింటారు. చీకటి పడి చలి మొదలవగానే జనమంతా రెండో వేదిక దగ్గరకు కదులుతారు.

వేదిక అనేది అపతానీలకు కొత్త కాదు. వారి ఊళ్లలో లాపాంగ్ అనే పెద్ద చెక్క అరుగులుంటాయి. మన రచ్చబండ లాంటివన్నమాట. ఒక్కో వంశానికీ ఒక్కోటి. పంచాయితీ అయినా, పండుగ అయినా, పూజారి చదివే సుదీర్ఘమైన గాథలైనా అక్కడే. అరుగు చుట్టూ చేరి వినడం తరతరాలుగా వారికి అలవాటు. గిటార్లు పట్టుకుని కుర్రాళ్లొస్తే వాళ్లకూ ఒక అరుగు వేసిచ్చారంతే!

బ్యాండ్లకు బాగా గుర్తుండిపోయేది కూడా ఈ ఆతిథ్యమే. పెద్ద ఉత్సవాల్లో కళాకారులకు వేరే గది, వేరే భోజనం, వేరే దారి. పాట అవగానే కారెక్కి హోటల్‌కు వెళ్లిపోతారు. జిరోలో వెళ్లడానికి అంత హోటలేదీ? వాయించి దిగినవాడు నేరుగా జనంలోకే వస్తాడు. ఊళ్లో ఎవరింట్లోనో పొయ్యి పక్కన చలి కాచుకుంటాడు. వాళ్లు పెట్టే వెదురు మొలకల కూర, బూడిద నుంచి తీసిన తప్యో అనే నల్ల ఉప్పు వేసిన వంటకం రుచి చూస్తాడు. మర్నాడు తానే శ్రోత. ముందు రోజు తన పాట విన్నవాడి పక్కన కూర్చుని ఇంకొకరి పాట వింటాడు. మధ్యలో వాన పడితే మైకు మూగబోవచ్చు, జనరేటరు మొరాయించవచ్చు. గొంతెత్తి పాడటం మొదలెడితే గడ్డి మీద జనం అందుకుంటారు. అన్నీ సవ్యంగా సాగిన కచేరీ కన్నా ఇలాంటిదే ఎక్కువ కాలం గుర్తుంటుంది.

పొలంలోనే చేపల చెరువు

పాటల కోసం వెళ్లినవారు పొలాలు చూసి ఆశ్చర్యపోతారు. అపతానీలు వరి మడిలోనే చేపలు పెంచుతారు. నాట్లు వేశాక బంగారుతీగ చేపపిల్లల్ని మడిలో వదులుతారు. మడి మధ్యలో లోతుగా ఓ కాలువ ఉంటుంది. నీరు తగ్గినప్పుడు చేపలు అందులోకి చేరతాయి. నీరు నిండాక పైరు మొదళ్ల మధ్య తిరుగుతూ పురుగుల్ని తింటాయి. వాటి విసర్జన పైరుకు ఎరువు. గట్లు కూడా ఖాళీగా ఉంచరు, వాటి మీద రాగులు వేస్తారు. కోస్తాలో చోళ్లనీ తెలంగాణలో తైదలనీ అంటామే, అవే. అంటే ఒకే మడిలో వరి, చేప, రాగి... మూడు పంటలు!

నాగలి లేదు, ఎద్దులు లేవు. పలుగూ పారా చేతపట్టి మనుషులే పొలమంతా తిరగేస్తారు. కొండవాగుల నీరు చిన్న కాలువల మీదుగా ఒక మడి నుంచి ఇంకో మడిలోకి, చివరికి కిలే నదిలోకి చేరుతుంది. పై మడివాడు నీరు బిగబడితే కింది మడి ఎండిపోతుంది కాబట్టి కాలువలు బాగుచేసుకోవడం, నీరు పంచుకోవడం అంతా కట్టుబాటు ప్రకారమే. పెద్దల మాట వినాల్సిందే. ఈ సాగు పద్ధతికి గుర్తింపుగా అపతానీ సాంస్కృతిక ప్రాంతాన్ని 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపద తాత్కాలిక జాబితాలో చేర్చారు.

హైమండార్ఫ్ నడిచిన లోయ

ఈ లోయకు మన తెలుగు నేలతో ఓ బంధం ఉంది. హైమండార్ఫ్ పేరు వినే ఉంటారు. నల్లమల చెంచుల గురించి, గోదావరి కొండరెడ్ల గురించి, ఆదిలాబాద్ గోండుల గురించి వారి మధ్యే ఉండి రాసిన ఆస్ట్రియా శాస్త్రవేత్త. ఆయనే 1944లో ప్రత్యేకాధికారిగా సుబన్‌సిరి ప్రాంతానికి వెళ్లి అపతానీల మధ్య గడిపాడు. భార్య బెట్టీ ఎలిజబెత్ కూడా వెంట ఉంది. ఆ తర్వాత మళ్లీ హైదరాబాద్ వచ్చి నిజాం ప్రభుత్వానికి గిరిజన వ్యవహారాల సలహాదారుగా పనిచేశాడు. అపతానీల మీద ఆయన రాసిన పుస్తకం 1962లో వచ్చింది.

బెట్టీ 1987 జనవరి 11న హైదరాబాద్‌లో కన్నుమూసింది. జైనూర్ మండలం మార్లవాయిలో ఆమె సమాధి ఉంది. 1995లో మరణించిన హైమండార్ఫ్‌కూ అక్కడే స్మారకం కట్టారు. ఏటా జనవరి 11న గోండులు ఆ దంపతులకు నివాళులర్పిస్తారు. మార్లవాయి నుంచి జిరోకు వేల కిలోమీటర్ల దూరం. రెండుచోట్లా ఒకే జంట అడుగుజాడలు!

ఆ దంపతులు చూసిన లోయకూ ఇప్పటి లోయకూ తేడాలు చాలానే ఉన్నాయి. అప్పట్లో ఆడపిల్లలకు ముఖం మీద పచ్చబొట్టు పొడిచి, ముక్కుకు రెండువైపులా నల్లటి బిళ్లలు పెట్టేవారు. 1970ల్లో అక్కడి యువతే ముందుకొచ్చి ఆ ఆచారాన్ని మాన్పించింది. అందుకే ఇప్పుడు పెద్ద వయసు అవ్వల ముఖాల మీదే అవి కనిపిస్తాయి. పండుగకు వెళ్లిన కుర్రకారు కెమెరాలు పట్టుకుని ముందుగా వెతికేదీ వాళ్లనే. ఫొటో తీసేముందు ఓ మాట అడగండి. వాళ్లు ప్రదర్శనకు వచ్చినవారు కారు, వాళ్లింటికి మీరే వెళ్లారు.

వెళ్లినవారు పాటలతోనే సరిపెట్టుకోనక్కర్లేదు. కార్దో దగ్గర అడవిలో 2004లో బయటపడిన పాతికడుగుల శివలింగం ఉంది. సిద్ధేశ్వరనాథ ఆలయంగా పూజలందుకుంటోంది. తాలే లోయ అభయారణ్యంలో సీతాకోకచిలుకల్ని చూడొచ్చు. హాంగ్, హరి, హిజా లాంటి పాత ఊళ్లలో వెదురు ఇళ్ల మధ్య నడవడమే ఓ అనుభవం. జులైలో వెళ్తే ద్రీ, మార్చిలో వెళ్తే మ్యోకో... ఇవి అపతానీల సొంత పండుగలు. గిటార్లు రాకముందు నుంచీ ఉన్నవి.

ఎందరికి చోటు?

కరోనాతో 2020, 2021ల్లో జిరో వేదిక లేవలేదు. 2022లో మళ్లీ లేచింది. 2023లో పదో పండుగ జరిగింది. కొద్దిమంది స్నేహితులు మొదలుపెట్టిన వేడుకకు ఇప్పుడు వేలమంది వస్తున్నారు. పర్యాటక శాఖ చేయూతనిస్తోంది, పెద్ద కంపెనీల స్పాన్సర్‌షిప్పులూ వచ్చాయి. ఆ నాలుగు రోజులూ లోయలో గది దొరకడమే కష్టం. ఇల్లు అద్దెకిచ్చేవారికి, వంట చేసిపెట్టేవారికి, సుమో నడిపేవారికి, వెదురు పనివారికి చేతినిండా పని. చదువుకుని ఊరొదిలి వెళ్లిన పిల్లలు పండుగ పేరుతో తిరిగొచ్చి స్వచ్ఛంద సేవకులుగా చేరుతున్నారు. ఇదంతా మంచికే!

రెండోవైపు కూడా చూడాలి. వేలమంది వస్తే వేలమంది చెత్త. వెదురు వేదిక నేలలో కలిసిపోతుంది, బిస్కెట్ ప్యాకెట్ కలవదు. పొలం గట్టు మీద ఒకరిద్దరు నడిస్తే పర్వాలేదు. వందలమంది నడిస్తే గట్టు తెగుతుంది. గట్టు తెగితే నీరు పోతుంది, నీటితో పాటే చేపా పోతుంది. చిన్నదిగా ఉందని అందరూ ఇష్టపడ్డ పండుగ, ఆ ఇష్టం వల్లే పెద్దదైపోయింది. తొలి ఏళ్లలో వాయించిన బ్యాండ్లు తలచుకునే జిరో ఇంకా ఉంటుందా అన్న దిగులు అందుకే. పెద్ద తెరలు, పెద్ద పేర్లు, కళాకారులకు వేరే దారి... ఇవన్నీ రావడానికి ఎంతోసేపు పట్టదు. వచ్చాక మాత్రం అది అన్ని ఊళ్లలో జరిగే కచేరీల్లో ఒకటవుతుంది. దానికోసం అంత దూరం, అంత కష్టపడి ఎవరు కొండెక్కుతారు?

దీనికి జవాబు నగరాల్లో దొరక్కపోవచ్చు, ఆ లోయలోనే దొరకొచ్చు. ఏ మడికి ఎంత నీరు చాలో, ఏ తోటలో ఏటా ఎన్ని బొంగులు నరకొచ్చో అపతానీలకు తెలుసు. ఇంత చిన్న లోయలో, కొత్త పొలం చేసుకునే వీల్లేకుండా, ఇన్ని తరాలు బతికారంటే ఆ లెక్క తప్పకపోవడం వల్లే. పండుగకు ఎందరిని పిలవాలన్నది కూడా అలాంటి లెక్కే. నీళ్ల మాదిరిగానే దీన్నీ ఊరి పెద్దలూ నిర్వాహకులూ కలిసి తేల్చుకుంటే, ఇప్పుడు ఎక్కడో కళాశాలలో అరువు గిటారు మీద తొలి పాట కడుతున్న జట్టుకు కూడా రేపు ఆ వెదురు వేదిక మీద చోటుంటుంది. సుమో నెత్తిన గిటారు కట్టుకుని, నడుం నొప్పులతో, వాళ్లూ ఆ చివరి మలుపు దాటుతారు.